ఊదా పూత

అన్న మిడెడు తల్లి! యాకలి నెఱిగిన
యమ్మ! నీదు చేయి యాగకుండ
వట్టి బుట్టలోన వాత్సల్య ముంచవే;
విశ్వమందు వెలుగు బీజ మీవ.

లోకానికి పట్టెడన్నం పెట్టే ఆ తల్లి పాదాలకు మొక్కి, ఈ వారం కథలోకి ప్రవేశిస్తున్నాను.

*

“ఇంకొకసారి చెప్పు. నా కళ్ళలోకి చూసి చెప్పు,” అన్నది అత్తగారు.

కోడలు తల ఎత్తలేదు. వారిద్దరి నడుమ, భోజనాల బల్ల మీద, చిక్కుడుతీగ నుంచి అప్పుడే తెంపిన చిన్న పూలగుత్తి ఉన్నది. ఆ పూలు ఊదారంగువి.

“మాట్లాడవేం? ఇది మావాడి చిక్కుడేనా?”

“కాదత్తయ్యా.”

“మరి ఎవరిది?”

“ఎవరిదో నాకూ తెలీదు. పెద్ద మార్కెట్టులో కొన్నాను.”

పొయ్యి మీద నీళ్ళు మరిగి, గిన్నె మూత ఎగిరెగిరి పడుతున్నది. దానిని దించడానికి అక్కడున్న ముగ్గురిలో ఎవ్వరూ కదలలేదు.

మూడవవాడు చిన్నకొడుకు. ఇంటి ముందరి కొట్టు తలుపులు తీయవలసిన ఆ వేళ, తాళంచెవిని గుప్పిట్లో బిగించి వెనకవాకిట్లోనే ఆగిపోయాడు. “అమ్మా, ఈసారి ఎండలు మండిపోతున్నాయి కదా. ఎండదెబ్బకి పూత రంగు మారిందేమో,” అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

“ఎండకి పూవు వాడుతుందిరా, రంగు మార్చుకోదు. నిన్ను కన్నదాన్ని నేను. నన్ను నువ్వు కన్నట్టు మాట్లాడకు.”

పెద్దకొడుకు పండించిన చిక్కుడుకు పూత తెలుపు. తండ్రి విడిచి వెళ్ళిన కొద్దిపాటి విత్తనం నుంచి, ఏటేటా మేలైన పాదులను ఎంచి, వాటి గింజలనే దాచి, మరుసటి ఏడు వాటినే నాటి, అతడు ఆ రకాన్ని బిడ్డను సాకినట్టు సాకాడు. కాయను చూస్తే దాని జాతి తెలియదు. పూతను చూస్తేనే తెలుస్తుంది. పూత పొలంలోనే రాలిపోతుంది. కొట్టుదాకా వచ్చేది కాయ ఒక్కటే.

పోయిన వానకాలంలో అతడు విషజ్వరంతో కన్నుమూశాడు. పొలం నేను చూసుకుంటానని కోడలు ముందుకు వచ్చింది. మోకాళ్ళు పట్టేసి వీధిమలుపు కూడా దాటలేని అత్తగారు ఆ పొలం వైపు వెళ్ళనే లేదు. ఉదయమే వచ్చే బుట్టెడు కాయలను చూసుకుని, కొడుకు సేద్యం ఇంకా సాగుతున్నదని నమ్మింది. ఆ నమ్మకంతోనే, బుట్ట అడుగున ముదిరిపోయిన కాయలను ఒలిచి, గింజలను ఎండబెట్టి, పెరట్లో మట్టితొట్టిలో నాటుకున్నది. రోజూ ఆ తొట్టి పక్కన రాతిబండ మీద కూర్చుని, తెల్లని పూత కోసం ఎదురుచూసింది.

ఆ తీగ ఈ ఉదయం పూసింది.

“వాడి విత్తనం ఏమైంది?” అన్నది అత్తగారు.

“నాటేశాను.”

“ఎంత?”

“మొత్తం.”

“మొత్తమేమిటి? పిడికెడు ఇంట్లో ఉంచాకే కదా మిగతాది మట్టిలో వెయ్యడం! ఆ సంగతి ఈ ఇంట్లో గోడలకి కూడా తెలుసు.”

“నాకూ తెలుసత్తయ్యా. దాపుడు గింజల సీసా పక్కనే పెట్టుకున్నాను. చివరికొచ్చేసరికి ఒక్క సాలు మిగిలిపోయింది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పొలంలో ఒక్క సాలు కూడా ఖాళీగా ఉండేది కాదు. అదొక్కటీ అలా బోసిగా కనబడుతుంటే చూడలేకపోయాను. సీసా కూడా వంపేశాను.”

“వంపేసి?”

“ఆ సాయంత్రమే ముసురు పట్టింది. పొద్దెరగకుండా కురిసింది. సాళ్ళన్నీ నీళ్ళే. తగ్గాక వెళ్ళి మట్టి తీసి చూస్తే, గింజలు మెత్తగా కుళ్ళిపోయి వేళ్ళకి అంటుకున్నాయి.”

అత్తగారు కళ్ళు మూసుకున్నది. కొడుకును తీసుకుపోయిన వానకాలమే కొడుకు పంటనూ తీసుకుపోయిందని, ఇన్ని నెలల తరువాత, ఒక పూలగుత్తి వచ్చి చెబితే గాని ఆమెకు తెలియలేదు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“చెబుదామనే వచ్చాను. మీరు ఆయన బుట్ట కడిగి ఎండలో పెట్టుకుని కూర్చున్నారు. ‘కాపు ఎప్పుడొస్తుందమ్మాయ్’ అన్నారు. ఆయన పోయాక మీ అంతట మీరు నోరు తెరిచి అడిగిన మొదటి మాట అది. వస్తుందత్తయ్యా అన్నాను.”

“జాలిపడ్డావన్నమాట.”

“జాలి కాదు.”

“మరేమంటారు దాన్ని? ముసలిదాన్ని పీటమీద కూర్చోబెట్టి బొమ్మలాట ఆడించడానికి ఇంకో పేరుందా?”

“వదినని అలా అనకమ్మా,” అన్నాడు చిన్నకొడుకు.

“నువ్వు మధ్యలో రాకు.” ఆమె గొంతు పెరగలేదు. అది పెరగకపోవడమే ఆ ఇద్దరినీ భయపెట్టింది. “ఈ కొట్టు పెట్టిన రోజున మీ నాన్న ఏమన్నారు? పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి నడిచి చేరగలిగే పొలాల సరుకే ఈ గడప లోపలికి రావాలన్నారు. ఏది ఎవరి పొలంలోదో పలక మీద రాసి వేలాడదీయాలన్నారు. పంట రాకపోతే ఆ బుట్ట బోర్లించి ఉంచాలి గానీ, ఇంకోచోటి సరుకు తెచ్చి నింపకూడదన్నారు. ఈ కొట్టుకి వేదమైనా శాస్త్రమైనా అంతే కదా! ఏమమ్మా, ఆ చిక్కుడుబుట్ట మీద పలకలో ఏముంది?”

“మా పొలం అని ఉంది.”

“ఎవరి చేతిరాత?”

ఆ రెండు మాటలూ పెద్దకొడుకు సుద్దముక్కతో రాసినవి. దుమ్ము దులిపేటప్పుడు కూడా ఆ పలక జోలికి ఎవ్వరూ పోరు.

“ఆ రాత కింద పెట్టి అమ్మావు. ఇక కొట్లో అడుగు పెట్టకు,” అన్నది అత్తగారు.

కోడలు ఎదురు చెబుతుందని ఆమె అనుకున్నది. చెబితే తిట్టవచ్చునని, తిడితే ఏడవవచ్చునని కూడా ఆమె మనస్సు లోలోపల ఆశపడింది కాబోలు. కోడలు మాత్రం పొయ్యి దగ్గరకు వెళ్ళి, గిన్నె దించి, మంట ఆర్పి, “సరే అత్తయ్యా,” అన్నది.

కొంతసేపటికి లోపలిగదిలో పెట్టె తెరిచిన చప్పుడైంది.

*

వీధివైపు తలుపు మీద ఎవరో వేళ్ళతో దరువు వేస్తున్నారు.

“అమ్మా, నా మాట విను,” అన్నాడు చిన్నకొడుకు. “కాపు అయిపోయిందని చెప్పి, మెల్లగా బుట్ట బోర్లిద్దాం. నలుగురిలో ఎందుకిది?”

“నలుగురికీ అమ్మాం కదా?”

“అమ్మాం.”

“అయితే నలుగురికీ చెప్పాలి. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధాన్ని కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు. తలుపు తియ్యి.”

తలుపు తెరుచుకున్నది. తెల్లవారి వెలుతురు అరల మీద పడి, గాజుసీసాలలోని పప్పులను, చెక్కతొట్లలోని ధాన్యాన్ని, తడిగుడ్డ కప్పిన ఆకుకూరలను ఒక్కొక్కటిగా మేల్కొలిపింది. గోడపొడుగునా మేకులకు పలకలు. వంతెన అవతలి ముసలాయన తోట. కొండవాలు అక్కచెల్లెళ్ళ మడి. పలకల కింద బుట్టలు. వాటిలో రెండు బోర్లించి ఉన్నాయి. ఆ బోర్లించిన బుట్టలను చూసి ఇంతవరకు ఎవ్వరూ కొట్టును తప్పుపట్టలేదు. ఏ పొలానికి ఏ కష్టం వచ్చిందో అడిగి వెళ్ళేవారు.

ముందుగా లోపలికి వచ్చినవాడు ఎదురింటి దర్జీ. చేతిలో ఖాళీ నూనెసీసా ఉన్నది. “ఏం పెద్దమ్మా, కొట్టుకి కూడా బద్ధకం పట్టిందా? నా సీసా మీ గుమ్మంలో నిలబడి నిలబడి మొలకెత్తేట్టుంది!”

అతడి వెనుక, సంచి భుజాన వేసుకుని, బడి ఉద్యోగం నుంచి విరమించిన పంతులమ్మగారు వచ్చారు. ఇంకా ఇద్దరు ముగ్గురు వీధివారు ఉన్నారు. పంతులమ్మగారి చేయి అలవాటుగా చిక్కుడుబుట్ట వైపు సాగింది.

“అవి ముట్టుకోకండి వదినగారూ,” అన్నది అత్తగారు.

ఆ చేయి ఆగింది.

“అవి మా పొలంలోవి కావు. ఇన్నాళ్ళూ మీకు అమ్మినవి కూడా మా పొలంలోవి కావు. మావాడి పంట పోయింది. విత్తనంతో సహా పోయింది.” ఆమె త్రాసు అంచు పట్టుకున్నది. “మావాడు పోయాడు.”

ఆ చివరి మాట ఆమె నోట ఇంతవరకు ఎవ్వరూ వినలేదు. పరామర్శకు వచ్చినవారితో కూడా, ఈసారి పాదులు బాగా ఎక్కాయట, కోడలు చెప్పింది, అని పొలం సంగతులే చెప్పి పంపేది.

కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. సంచులు విదిలించి వెళ్ళిపోతారనుకున్నది. ఎవ్వరూ కదలలేదు. దర్జీ తన సీసా మూతను బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. పంతులమ్మగారు నేలను చూస్తున్నారు.

“మీలో ఒక్కరికీ ఆశ్చర్యం వెయ్యలేదేం?”

“కూర్చోండి వదినగారూ,” అన్నారు పంతులమ్మగారు.

“కూర్చోను. ముందు చెప్పండి.”

“మాకు తెలుసు.”

“ఎప్పటినుంచీ?”

“మొదటి బుట్టనాడే తెలిసింది. మీ అబ్బాయి చిక్కుడు పొయ్యెక్కించి మూత పెట్టేలోపు వెన్నలా ఉడికేది. ఇవి ఎంత ఉడికించినా పీచే.”

“నాకైతే మొదటి ముద్దలోనే తెలిసిపోయింది పెద్దమ్మా,” అన్నాడు దర్జీ. “ఉన్నవే నాలుగు పళ్ళు. వాటికి తెలీకుండా ఏం దాగుతుంది?”

ఎవ్వరూ నవ్వలేదు. అతడికే సిగ్గు వేసింది.

“తెలిసీ ఎందుకు కొన్నారు?”

దర్జీ సీసాను కింద పెట్టాడు. “‘ఇవి మావాడి కాయలురా, లేతవి తీసుకెళ్ళు’ అని మీరే ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసేవారు. ఎలా వద్దనమంటారు పెద్దమ్మా? మీరే చెప్పండి. ఏ మొహంతో వద్దనాలి?”

ఆమె తల తిప్పి చిన్నకొడుకును చూసింది. అతడు తాళంచెవితో అరచేతిని గీసుకుంటున్నాడు.

“నువ్వూనా?”

“మార్కెట్టు బస్తా దించేది నేనే కదమ్మా.”

అంతే. ఇక అడగడానికి ఆమెకు ఏమీ మిగలలేదు. మోసపోయినవారికి క్షమాపణ చెప్పుకోవాలని గుమ్మంలోకి వచ్చిన మనిషి, ఆ వీధిలో మోసపోయినది తాను ఒక్కతేనని తెలుసుకుని నిలబడిపోయింది. ఆ మోసంలో ఒక్కరికైనా స్వార్థం ఉండి ఉంటే ఆమెకు కోపగించుకునే దారి దొరికేది. అది కూడా దొరకలేదు.

ఆమె చిక్కుడుబుట్ట ఎత్తి, కాయలన్నీ నేల మీద కుమ్మరించింది. బుట్టను రెండుచేతులా పట్టుకుని, పసిబిడ్డను పడుకోబెట్టేంత నెమ్మదిగా బోర్లించింది.

అప్పుడు, ఇంటికీ కొట్టుకూ నడుమనున్న గడప అవతలి నుంచి, “అత్తయ్యా,” అన్న పిలుపు వినిపించింది.

కోడలు మూట పట్టుకుని నిలబడి ఉన్నది. కాళ్ళు గడపకు ఆవలనే ఉన్నాయి.

“వీధిలోకి వేరే దారి లేదు. ఈ ఒక్కసారికి కొట్లోంచి వెళ్ళనివ్వండి.”

పంతులమ్మగారు ముందుకు ఒక అడుగు వేశారు. “ఎక్కడికమ్మా ఈ వేళప్పుడు?”

“పొలంలో పాక ఉంది కదండీ. అక్కడుంటాను.”

అత్తగారు అటు చూడలేదు. ఆమె చూపు గోడమీది పలక మీద నిలిచి ఉన్నది. బుట్ట బోర్లించినా పలక అలాగే ఉంచుతారు. పంట మళ్ళీ వస్తుందన్న ఆశకు అది గుర్తు. ఆ పొలం నుంచి ఇక ఎన్నటికీ ఏదీ రాదని తేలిననాడే దానిని తుడుస్తారు.

“వెళ్ళేముందు ఆ పలక తుడిచి వెళ్ళు,” అన్నది.

“అమ్మా!” అన్నాడు చిన్నకొడుకు.

“నాటింది తను. పోగొట్టింది తను. తుడవవలసింది కూడా తనే.”

కోడలు మూట కింద పెట్టింది. తడిగుడ్డ తీసుకున్నది. చిన్న ఎత్తుపీట జరుపుకుని ఎక్కింది. అక్షరాల మీదికి చేయి వెళ్ళింది. ‘మా’ అన్న అక్షరానికి వెంట్రుకవాసి దూరంలో ఆగి, అక్కడే ఉండిపోయింది. గుడ్డ నుంచి నీటిబొట్టు ఒకటి ఆమె మణికట్టు మీదుగా మోచేతిదాకా జారింది.

“నావల్ల కాదత్తయ్యా. ఏ శిక్ష వేసినా పడతాను. ఇదొక్కటీ నా చేత చేయించకండి.”

అత్తగారు తుడవమనలేదు, వద్దనలేదు. దర్జీ మెల్లగా వంగి, నేల మీద చెదిరిన కాయలను ఏరడం మొదలుపెట్టాడు. ఎందుకు ఏరుతున్నాడో అతడికీ తెలియదు.

కోడలు మేకు నుంచి పలకను విడదీసింది. అక్షరాలు చెదరకుండా పొడిగుడ్డలో చుట్టి గుండెకు హత్తుకున్నది. పీట దిగి, మూట ఎత్తుకుని, బోర్లించిన బుట్ట పక్కనుంచి, తలలు వంచుకున్న వీధివారి నడుమనుంచి బయటకు నడిచింది.

ఒక్క మాట చాలు ఆమె ఆగడానికి. ఆ మాట అత్తగారి గొంతులోనే ఉన్నది. బయటకు రాలేదు.

*

కాసేపు కొట్లో బేరం జరిగింది గాని మాటలు జరగలేదు. సీసాలు నిండాయి, సంచులు బరువెక్కాయి, అందరూ వెళ్ళిపోయారు. బోసిమేకు ఒక్కటి గోడ మీద మిగిలింది.

చిన్నకొడుకు కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. తల్లి అతడి వెనుకనే వచ్చింది.

“ఏం చేస్తున్నావు?”

“పీకి పారేస్తానమ్మా. కళ్ళెదుట ఎందుకిది?”

“దాన్ని ముట్టుకోకు. అదేం చేసింది? నాటింది నేను. దాని రంగు అది పూసింది.”

ఆమె రాతిబండ మీద కూర్చున్నది. తీగ గోడపొడవునా నిండుగా అల్లుకుని, చివుళ్ళతో, ఊదాపూలతో కళకళలాడుతున్నది. ఇంత ఎండల్లోనూ ఒక్క ఆకు పసుపెక్కలేదు. పాకడానికి గోడమేకులకు దారాలు కట్టి ఉన్నాయి. అవి తాను కట్టినవి కావు. ఆమె తొట్టిలో చేయి పెట్టింది. మట్టి చల్లగా, తడిగా ఉన్నది.

“దీనికి పొద్దున్న నీళ్ళు పోశావా?”

“నేనా? నేనెప్పుడు పోశానమ్మా? నీకు బిందె ఎత్తే ఓపిక లేదని రోజూ వదినే కదా పోసేది. ఇవాళ కూడా అందరికన్నా ముందు లేచి పోసింది.”

ఆమె చేయి మట్టిలోనే ఉండిపోయింది.

ఇవాళ కూడా. అంటే పూసిన పూతను అందరికన్నా ముందు చూసినది కోడలే. తెంపి గుప్పిట్లో నలిపేస్తే అయిపోయేది. అసలు అంతదాకా ఎందుకు? ఆ గింజ ఎక్కడిదో ఆమెకు తెలుసు. అది పూసిననాడు తన మాట బయటపడుతుందనీ ఆమెకు తెలుసు. నాలుగు పూటలు నీళ్ళు మరిచిపోతే చాలు, తీగ ఎండిపోయేది. పాడు ఎండలు అని ముసలిది ఎండలనే తిట్టుకునేది. కోడలు మరిచిపోలేదు. తనను పట్టి ఇచ్చే తీగకు తానే దారాలు కట్టి, నీళ్ళు పోసి, పూతదాకా పెంచింది. నోటితో చెప్పలేని నిజాన్ని ఆ విధంగా రోజూ కొద్దికొద్దిగా చెబుతూ వచ్చింది.

“చెయ్యి అందివ్వరా,” అన్నది తల్లి.

“లోపలికా?”

“వీధిలోకి.”

“అమ్మా, నీ మోకాళ్ళు...”

“మోకాళ్ళ సంగతి తరవాత. మీ వదినని పాకదాకా వెళ్ళనివ్వకూడదు.”

కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉండగానే, గల్లా దగ్గర ఎవ్వరూ లేకుండానే, ఆమె కొడుకు భుజం పట్టుకుని గుమ్మం దిగింది. పెద్దకొడుకును సాగనంపిన నాటి తరువాత ఆమె ఆ వీధిలో కాలు మోపడం అదే మొదటిసారి. అడుగడుక్కీ ఆగుతూ ఎదురింటిదాకా వచ్చేసరికి ఊపిరి అందలేదు. కుట్టుమిషను చప్పుడు ఆగింది. దర్జీ లేచి బయటకు వచ్చాడు.

“నాయనా, మా అమ్మాయి పొలం దారి పట్టి ఎంతసేపైంది? పరుగెత్తి ఒక్క కేక వెయ్యి. నేను రమ్మన్నానని చెప్పు. అత్తయ్య బతిమాలుకుంటోందని చెప్పు.”

దర్జీ చేతిలోని కొలబద్దను అటూ ఇటూ తిప్పాడు. అతడి చూపు పొలాల వైపు పోలేదు.

“పొలం వైపు వెళ్ళలేదు పెద్దమ్మా,” అన్నాడు. “పలక గుండెకి పెట్టుకుని, మలుపులో బస్సులు ఆగే చోట నిలబడింది, మా గుమ్మంలోంచి చూశాను. మొదటొచ్చిన బస్సెక్కింది. అది ఎటు వెళ్ళేదో కూడా అడగలేదు.”

*

ఈ కథ చదివినవారి ఇంట, విన్నవారి ఇంట, విత్తనం పిడికెడైనా తరగకుండుగాక. బోర్లించిన బుట్టలు మరల వెల్లకిల పడి నిండుగాక. గొంతులో ఆగిన మంచిమాట వేళ మించకముందే నోటికి వచ్చుగాక. అన్నమిడే తల్లి అందరినీ చల్లగా చూచుగాక.